రైఫిల్ స్కోప్ కొనేముందు చూసుకోవాల్సినవి

స్కోప్ అంటే తుపాకీపై బిగించి గురి చూసే దుర్భిణి. దాని వారంటీ షరతులు ముందు చదవండి, ధర తర్వాత. "జీవితకాలం" అని రాసి ఉన్నా, లోపల వెలిగే లైటు తాలూకు ఎలక్ట్రానిక్ భాగాలకు గడువు చాలాసార్లు తక్కువే. బిల్లు అడుగుతారా, చేతులు మారితే వర్తిస్తుందా, పంపే ఖర్చెవరిది?

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కైతే (స్ప్రింగు నెట్టే గాలితో గుండు పేల్చేది), దానికి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన స్కోపే కొనండి. పేల్చినప్పుడు దాని కుదుపు వెనక్కీ ముందుకీ కొడుతుంది; మామూలు స్కోపులో లెన్సులు కదిలిపోతాయి.

స్కోపు ట్యూబు వ్యాసం 25.4 మి.మీ.నా, 30 మి.మీ.నా? దాన్ని తుపాకీకి పట్టి ఉంచే రింగులూ అదే కొలతవి కావాలి.

తక్కువ ధరలో పెద్ద జూమ్ ఆశించకండి, బొమ్మ మసకబారుతుంది. 3-9 జూమ్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది) చాలామందికి చాలు.

బిగించేముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో ఛాంబర్ (తూటా కూర్చునే గది) తెరిచి చూడండి. రింగు స్క్రూలను టార్క్ డ్రైవర్‌తో (ఎంత బలంతో బిగించాలో అమర్చుకోగల స్క్రూడ్రైవర్), తయారీదారు చెప్పినంతే తిప్పాలి. మితిమీరితే ట్యూబు సొట్టపడుతుంది, ఆ సొట్టకు వారంటీ రాకపోవచ్చు.