వైద్య పరిశోధన పత్రికను డేటాబేస్‌లలో చేర్పించడం: ఐఎస్‌ఎస్‌ఎన్ నుంచి మెడ్‌లైన్ దాకా దరఖాస్తు విధానం

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 2016లో మహబూబ్‌నగర్‌లోనూ, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లోనూ, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో తొలి బ్యాచ్ 2019లో చేరింది. అధ్యాపకులూ పీజీ విద్యార్థులూ పెరిగిన కొద్దీ పరిశోధన వ్యాసాలు పెరుగుతాయి, వాటితో పాటే కళాశాల తరఫున సొంతంగా ఒక ఓపెన్ యాక్సెస్ పత్రిక, అంటే చందా లేకుండా ఎవరైనా చదువుకోగల పత్రిక, నడపాలన్న ఆలోచనా వస్తుంది. అలాంటి పత్రికను నడుపుతున్న, నడపబోతున్న సంపాదకులకూ, కళాశాల గ్రంథాలయాధికారులకూ దరఖాస్తు క్రమాన్ని వివరించడం కోసం ఈ వ్యాసం. దరఖాస్తులు తిరిగి రావడానికి ఫారంలోని తప్పుల కన్నా, ఏ డేటాబేస్ ఏ పత్రికలను చేర్చుకుంటుందో తెలియకుండా ముందుకు వెళ్లడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. కనుక ముందు ఆ సంగతి చూద్దాం.

ఏ డేటాబేస్‌లో ఏముంటుంది

పబ్‌మెడ్‌లో పత్రికను చేర్పించాలని చాలా మంది అంటారు గానీ పబ్‌మెడ్‌కు నేరుగా దరఖాస్తు అనేదే లేదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1996లో ప్రారంభించిన ఈ సేవ ఒక వెతుకులాట వేదిక మాత్రమే. అందులోకి పత్రికల సమాచారం ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది మెడ్‌లైన్, అంటే నిపుణుల కమిటీ పరిశీలించి ఎంపిక చేసిన 5,000కు పైగా పత్రికల సూచిక. రెండోది 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్, అంటే వ్యాసాల పూర్తి పాఠాన్నే భద్రపరిచే ఉచిత భాండాగారం. దరఖాస్తు ఈ రెండింటిలో ఒకదానికి పెట్టుకోవాలి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2003లో పుట్టిన డీఓఏజే (డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్) వీటికి భిన్నమైనది. అది అన్ని శాస్త్రాలకూ, అన్ని భాషలకూ చెందిన ఓపెన్ యాక్సెస్ పత్రికల జాబితా, అందులో ఇప్పుడు 20,000కు పైగా పత్రికలున్నాయి. డీఓఏజేలో చోటు దొరికినంత మాత్రాన ఆ పత్రిక పబ్‌మెడ్‌లో కనబడదు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్న పత్రిక మెడ్‌లైన్‌లోనూ ఉండాలన్న నియమం లేదు.

ఈ తేడా పాఠకుడి దాకా ఎలా చేరుతుందో మన నల్లగొండ జిల్లా సమస్యతోనే చూడవచ్చు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల ఫ్లోరోసిస్ మీద పనిచేసే విద్యార్థి, దక్షిణ భారతంలో ఈ వ్యాధిని తొలిసారి నమోదు చేసిన నెల్లూరు జిల్లా నివేదిక కోసం వెతికాడనుకుందాం. అది 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. మెడ్‌లైన్ ప్రధానంగా 1966 నుంచి వచ్చిన సాహిత్యానికి సూచిక, పాత రికార్డులు కలుపుకున్నా 1946 కన్నా వెనక్కి పోదు. కానీ ఆ గెజిట్ పాత సంపుటాలను స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టారు కనుక నివేదిక అక్కడ ఉచితంగా దొరుకుతుంది. మరోవైపు, కేవలం ఫ్లోరైడ్ పరిశోధన కోసమే 1968 నుంచి వస్తున్న ఫ్లోరైడ్ అనే పత్రికను దశాబ్దాలుగా మెడ్‌లైన్ చేర్చుకోలేదు. దాని వ్యాసాల కోసం ఇతర డేటాబేస్‌లలోనో, ఆ పత్రిక సొంత వెబ్‌సైట్‌లోనో వెతకాలి.

ఇంకొక సూక్ష్మమైన సంగతి ఉంది. వ్యాసాలకు మెష్ అనే ప్రామాణిక విషయ శీర్షికలు తగిలించేది మెడ్‌లైన్ పత్రికలకే. పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా మాత్రమే వచ్చే వ్యాసాలకు అవి ఉండవు. కనుక మెష్ పదాలతోనే వెతికే వారికి చిన్న ఓపెన్ యాక్సెస్ పత్రికల వ్యాసాలు తగలకుండా పోతాయి. సంపాదకులు శీర్షికలోనూ సారాంశంలోనూ వ్యాధి పేరు, ఊరి పేరు, జిల్లా పేరు స్పష్టంగా ఉండేలా రచయితలతో రాయించాలని నేను గట్టిగా కోరడానికి ఇదే కారణం.

మొదటి దరఖాస్తు: ఐఎస్‌ఎస్‌ఎన్

ఏ డేటాబేస్ అయినా మొదట అడిగేది ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే పత్రికను గుర్తించే 8 స్థానాల సంఖ్య. మన దేశంలో దీన్ని ఇచ్చేది ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ – నిస్పర్ సంస్థలో ఉన్న జాతీయ కేంద్రం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసుకోవాలి, రుసుము ఏమీ లేదు. పత్రిక పేరు, ప్రచురించే సంస్థ పేరు, చిరునామా, ఎన్ని నెలలకు ఒక సంచిక వస్తుందన్న వివరం ముఖపత్రం మీదా, వెబ్‌సైట్‌లోనూ, దరఖాస్తులోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఆన్‌లైన్ పత్రిక అయితే ఖాళీ వెబ్‌సైట్ చూపి దరఖాస్తు చేయకుండా, తొలి సంచిక వ్యాసాలు తెరుచుకునే స్థితికి వచ్చాకే చేయడం మేలు. ముద్రిత రూపానికీ ఆన్‌లైన్ రూపానికీ వేర్వేరు సంఖ్యలు తీసుకోవాలి. తరవాతి కాలంలో పత్రిక పేరు మారిస్తే పాత సంఖ్య పనికిరాదు, కొత్తది తీసుకోవలసి వస్తుంది. అందుకే పేరును మొదటే బాగా ఆలోచించి పెట్టుకోవాలి.

ఐఎస్‌ఎస్‌ఎన్ గుర్తింపు సంఖ్యే గానీ నాణ్యతకు ముద్ర కాదు. దాన్ని చూపి తమది గుర్తింపు పొందిన పత్రిక అని రచయితలకు చెప్పడం సరికాదు. వార్తాపత్రికల మాదిరిగా ప్రెస్ రిజిస్ట్రార్ వద్ద నమోదు కావాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2023 నాటి పత్రికల నమోదు చట్టం, శాస్త్ర, సాంకేతిక, విద్యా విషయక జర్నళ్లను పీరియాడికల్ అన్న నిర్వచనం నుంచి మినహాయించింది, కనుక వాటికి ఆ నమోదు అక్కర లేదు.

డీఓఏజే దరఖాస్తు

కొత్త పత్రికకు సహజమైన తదుపరి మెట్టు డీఓఏజే. ప్రచురణ మొదలై ఏడాది దాటి ఉండాలి, లేదా కనీసం 10 పరిశోధన వ్యాసాలు ప్రచురించి ఉండాలి. ఆ తరవాత కూడా ఏటా 5 పరిశోధన వ్యాసాలకు తగ్గకూడదు. ఐఎస్‌ఎస్‌ఎన్ అంతర్జాతీయ పోర్టల్‌లో ధ్రువీకరణ పొంది కనబడాలి. పాఠకుడు పేరు నమోదు చేసుకోనక్కర లేకుండా ప్రతి వ్యాసం పూర్తి పాఠం వెంటనే తెరుచుకోవాలి. ప్రతి వ్యాసానికీ విడిగా ఒక వెబ్ చిరునామా ఉండాలి. సంచిక మొత్తాన్నీ ఒకే పీడీఎఫ్‌గా పెట్టే అలవాటు మన కళాశాలల్లో ఉంది. ఆ రూపంలో దరఖాస్తు నిలవదు.

ఇక్కడ అసలైన పని ఫారం నింపడం కాదు, వెబ్‌సైట్‌ను సిద్ధం చేయడం. ఫారంలో అడిగే దాదాపు ప్రతి ప్రశ్నకూ జవాబుతో పాటు ఆ జవాబు వెబ్‌సైట్‌లో ఎక్కడ రాసి ఉందో ఆ పేజీ చిరునామా ఇవ్వాలి, పరిశీలకులు ఆ పేజీ తెరిచి సరిచూస్తారు. ఓపెన్ యాక్సెస్ విధానం ఒక స్పష్టమైన ప్రకటనగా ఉండాలి. ఏ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (వ్యాసాన్ని ఇతరులు ఎలా తిరిగి వాడుకోవచ్చో చెప్పే ప్రామాణిక అనుమతి) వర్తిస్తుందో, కాపీరైట్ రచయితదా ప్రచురణకర్తదా అన్నది చెప్పాలి. ఈ రెండింటి విషయంలోనే ఎక్కువ వైరుధ్యాలు కనబడతాయి. లైసెన్స్ పేజీలో వ్యాసాన్ని ఎవరైనా తిరిగి వాడుకోవచ్చని రాసి, పేజీ అడుగున అన్ని హక్కులూ ప్రచురణకర్తవేనని ఉంచితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. దరఖాస్తుకు ముందే పాత వాక్యాలన్నీ వెతికి తొలగించాలి.

సంపాదకవర్గంలో కనీసం ఐదుగురు ఉండాలి, ప్రతి ఒక్కరి పేరు, పనిచేసే సంస్థ వెబ్‌సైట్‌లో కనబడాలి. అందరూ ఒకే కళాశాల వారు కాకుండా చూసుకోవడం మంచిది. పాలమూరు, నల్లగొండ, సూర్యాపేట కళాశాలలు ఒకరి పత్రికకు ఒకరు సంపాదకులనూ సమీక్షకులనూ సమకూర్చుకోగలిగితే ఈ ఇబ్బంది చాలా వరకు తీరుతుంది. ప్రతి వ్యాసాన్నీ కనీసం ఇద్దరు స్వతంత్ర సమీక్షకులు చూడాలి, పీర్ రివ్యూ అనే ఈ సమీక్ష ఏ పద్ధతిలో జరుగుతుందో రాయాలి. సంపాదకులు, సంపాదకవర్గ సభ్యులు, సమీక్షకులు రాసిన వ్యాసాలు తాజా రెండు సంచికల్లో ఏ ఒక్కదానిలోనూ 25 శాతం మించరాదు. కళాశాల పత్రికలకు అన్నిటికన్నా కష్టమైన నిబంధన ఇదే, ఎందుకంటే తొలినాళ్లలో రాసేవారూ సమీక్షించేవారూ ఆ నాలుగు గోడల మధ్యనే ఉంటారు. బయటి వ్యాసాలు వచ్చే వరకు ఓపిక పట్టి, ఆ తరవాత దరఖాస్తు చేయాలని నా సలహా.

ప్రచురణ రుసుము ఉంటే ఎంతో రూపాయల్లో చెప్పాలి, లేకపోతే లేదని స్పష్టంగా రాయాలి, ఆ పేజీని మౌనంగా వదిలేయకూడదు. గ్రంథచౌర్యాన్ని ఎలా పరీక్షిస్తున్నారో, పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలా అడుగుతున్నారో రాయాలి. చికిత్సా ప్రయోగాలకు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సంఖ్యను అడుగుతున్నామని చెబితే వైద్య పత్రికగా మీ శ్రద్ధ తెలుస్తుంది. ఎవరికీ తెలియని సంస్థలు డబ్బు తీసుకుని ఇచ్చే నకిలీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలను ఇతరులు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) బొమ్మలు వెబ్‌సైట్‌లో ఉంటే తీసేయాలి.

ఇవన్నీ కుదిరాక డీఓఏజేలో ఖాతా తెరిచి ఫారం నింపవచ్చు. మధ్యలో ఆపి భద్రపరుచుకునే వీలుంది. పరిశీలకులు ఈమెయిల్‌లో సందేహాలు అడుగుతారు, కనుక ఎక్కువ కాలం ఒకరే చూసుకునే ఈమెయిల్ ఇవ్వాలి. బదిలీ మీద వెళ్లిపోయిన అధ్యాపకుడి చిరునామాకు జాబు వెళితే దరఖాస్తు జవాబు లేక ఆగిపోతుంది. తిరస్కరిస్తే మళ్లీ దరఖాస్తుకు 6 నెలలు ఆగాలి. నిబంధనలు కఠినం చేసి 2014 తరవాత పాత పత్రికలన్నింటినీ తిరిగి దరఖాస్తు చేయమన్న డీఓఏజే, 2016లో 3,000కు పైగా పత్రికలను జాబితా నుంచి తొలగించింది. చేరిన తరవాత కూడా ప్రమాణాలు నిలబెట్టుకోవాలి.

చేరడంతో పని పూర్తి కాదు. పత్రిక పేరు జాబితాలోకి వస్తుంది గానీ, వ్యాసాల వివరాలు వాటంతట అవి రావు. వాటిని ప్రచురణకర్తే ఎక్కించాలి. ఉచితంగా దొరికే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ వాడితే ఆ వివరాలను డీఓఏజేకు పంపే సదుపాయం అందులోనే ఉంటుంది. ఈ పని వదిలేస్తే, పత్రిక ఉన్నా అందులోని ఒక్క వ్యాసమూ వెతుకులాటలో తగలదు.

పబ్‌మెడ్ సెంట్రల్, మెడ్‌లైన్

పబ్‌మెడ్ సెంట్రల్‌కు దరఖాస్తు చేసే ప్రచురణకర్తకు కనీసం 2 ఏళ్ల ప్రచురణ చరిత్ర, పత్రికలో తుది రూపంలో కనీసం 25 పీర్ రివ్యూ వ్యాసాలు ఉండాలి. ముందు ప్రాథమిక పరిశీలన, తరవాత శాస్త్రీయ నాణ్యత పరిశీలన, ఆ పైన సాంకేతిక పరీక్ష జరుగుతాయి. సాంకేతిక పరీక్షకు పూర్తి వ్యాసాన్ని జాట్స్ అనే ప్రమాణంలోని ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా, అంటే వ్యాసంలోని ప్రతి భాగాన్నీ కంప్యూటర్ గుర్తించేలా గుర్తులు పెట్టిన ఫైలుగా, స్పష్టమైన బొమ్మలతో ఇవ్వాలి, పీడీఎఫ్ ఒక్కటే సరిపోదు. ఆ ఫైళ్లు తయారు చేయించే ఖర్చును ప్రిన్సిపాల్ దృష్టికి ముందే తెచ్చి ఏటా కేటాయింపు అడగాలి.

మెడ్‌లైన్‌కు కనీసం 12 నెలల ప్రచురణ, 40 పీర్ రివ్యూ వ్యాసాలు కావాలి. ఆ కమిటీ చూసేది వ్యాసాల శాస్త్రీయ విలువ, సంపాదకత్వ నాణ్యత. అంకెలు పూర్తయిన మరుసటి రోజే దరఖాస్తు పంపే తొందర వద్దు. అన్ని శాస్త్రాల పత్రికలకూ సూచిక అయిన స్కోపస్‌కు 2 ఏళ్ల చరిత్ర, ఇంగ్లిష్ సారాంశాలు, రోమన్ లిపిలో ఆధార గ్రంథాల జాబితా అవసరం. తెలుగులో ప్రజారోగ్య పత్రిక నడపాలనుకునే వారికి భాషా నిబంధన లేని డీఓఏజేనే దగ్గరి దారి.

రుసుములు, పదోన్నతులు

డీఓఏజే, పబ్‌మెడ్ సెంట్రల్, మెడ్‌లైన్, స్కోపస్ వీటిలో ఏదీ దరఖాస్తుకు డబ్బు తీసుకోదు. ఫలానా మొత్తం కడితే చేర్పిస్తామని వచ్చే ఈమెయిల్ ఏదైనా మోసమే.

జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించిన అధ్యాపక అర్హతల నిబంధనలు పదోన్నతికి లెక్కించే సూచికల్లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, ఎంబేస్ (మరో వైద్య వ్యాసాల సూచిక), స్కోపస్‌లతో పాటు డీఓఏజేనూ పేర్కొన్నాయి. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక వ్యాసం పంపే నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వు చదువుకోవాలి. రచయిత ఆయా డేటాబేస్ సొంత వెబ్‌సైట్‌లో పత్రిక ఐఎస్‌ఎస్‌ఎన్ టైపు చేసి, అది ప్రస్తుతం అక్కడ ఉందో లేదో చూసుకోవాలి. పత్రిక వెబ్‌సైట్‌లో పెట్టిన లోగోలను ఆధారంగా తీసుకోకూడదు. సంపాదకులు కూడా ఏ డేటాబేస్‌లో ఏ సంవత్సరం నుంచి ఉన్నారో తేదీతో సహా తమ వెబ్‌సైట్‌లో రాసి, దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంటే ఆ మాటే రాయాలి.