పెంకుటింటి మీద మేడ వేయాలా? బరువంతా పాత గోడల మీద పెట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొడుకు పెళ్లి కుదిరిందంటే చాలు, పెంకులు దించేసి పైన రెండు గదులు లేపుదామంటారు. మేస్త్రి గోడ తట్టి చూసి "దిట్టంగా ఉంది బాబూ, ఏమీ కాదు" అంటాడు. ఉండొచ్చు గానీ, ఆ గోడ ఇన్నాళ్లూ మోసింది వాసాలనీ పెంకులనీ. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకి 300 కిలోలు దాటుతుంది, దాని మీద మూడు మీటర్ల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ కడితే ప్రతి మీటరు పొడవుకీ ఇంకో 1,300 కిలోలు.

ముందు పునాది చూడండి. గోడ పక్కన రెండు మూడు చోట్ల చిన్న గోతులు తవ్వించి, పునాది అడుగు కనబడగానే ఆపేయండి, ఇంకా లోతుకి పోతే కింద మట్టి జారుతుంది. ఎంత లోతు, ఎంత వెడల్పు, కట్టింది మట్టితోనా సున్నంతోనా, కింద గరపా నల్లరేగడా, అన్నీ స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించి లెక్క వేయించండి. పంచాయతీ అనుమతి ఈలోగానే తీసుకోండి.

మట్టితో కట్టిన గోడలైతే ఇక ఆలోచించక్కర్లేదు, నేల నుంచే కొత్త పిల్లర్లు లేపాలి. ఫుటింగు (పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మ) గోతులన్నీ ఒకేసారి తవ్వితే గోడ కూర్చుంటుంది. ఒకటి తవ్వి, కాంక్రీటు వేసి, గట్టిపడ్డాక మట్టి నింపి దిమ్మిస కొట్టి, అప్పుడు రెండోది. మేస్త్రికి విసుగే, విసుక్కోనివ్వండి. దూలాలు దించాక పాత గోడలకి పైన పట్టు ఉండదు కాబట్టి రెండువైపులా సరుగుడు కర్రలు ఏటవాలుగా ఆనించండి. కొత్త బీము పాత గోడ మీద కూర్చోకూడదు, మధ్యలో సందు ఉండాలి, ఎంతో ఇంజినీరు చెబుతారు.

మీది పెంకుటిల్లు కాక ముందే కట్టిన పిల్లర్ల డాబా అయితే పైకి వదిలేసిన చువ్వలు చూడండి. సముద్రగాలికి పొరలు పొరలుగా ఊడుతుంటే వాటికి కొత్త చువ్వ కట్టి లాభం లేదు. బాగున్నా 12 ఎంఎం చువ్వకి కనీసం రెండడుగుల అతుకు ఉండాలి, అంటే పాతదీ కొత్తదీ అంత పొడవున పక్కపక్కనే కలిసి ఉండాలి.

బరువు తగ్గుతుందని పైన రేకులు వేస్తారా, అయితే వాటిని బీములకి బోల్టులతో బిగించండి, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది.

కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే సెంట్రింగ్ జాకీలు మెత్తటి నేల మీద కాకుండా పలకల మీద నిలబెట్టండి. ఆరు మీటర్లలోపు బీముల కింద కనీసం 14 రోజులు కదపకండి, పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే ఇంకా ఆగండి, అద్దె పెరుగుతోందని కాంట్రాక్టరు గోల పెట్టినా సరే.