సైకెడెలిక్ మందుల పరిశోధనలోకి రావాలంటే

ఎం.ఎస్సీ. చదివే పిల్లలు నాకు రాసే ఉత్తరాల్లో రెండు ప్రశ్నలుంటాయి: సైకెడెలిక్‌ల, అంటే ఎల్‌ఎస్‌డీ లాంటి భ్రమలు కలిగించే మందుల, పరిశోధనలోకి ఎలా రావాలి, మీరెప్పుడైనా ఆ మందు తీసుకున్నారా అని. రెండోదానికి జవాబివ్వను. తీసుకున్నానన్నా, లేదన్నా నా ఫలితాలను శంకించేవాళ్లు తయారవుతారు. మొదటిదానికి మాత్రం, అమెరికాలో చిట్టెలుకల మెదడు మీద పనిచేస్తున్న దాన్నిగా, తెలిసింది చెబుతాను.

మందు పేరు పట్టుకుని రావద్దు. ముందు చేతికి ఒక పని నేర్చుకోండి. ఔషధశాస్త్రమో, సూక్ష్మదర్శిని కింద నాడీకణాల చిత్రీకరణో, పైథాన్‌లో లెక్కలో, ఏదైనా సరే. 1970 నాటి చట్టంతో అమెరికా ఎల్‌ఎస్‌డీని, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసిబిన్‌ను అన్నిటికన్నా కఠినమైన నిషేధ జాబితా షెడ్యూల్ వన్‌లో పెట్టాక మనుషుల మీద ప్రయోగాలు దశాబ్దాల పాటు దాదాపు ఆగిపోయాయి. మళ్లీ దారి తెరిచినవాళ్లలో ఒకరైన జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్త రోలండ్ గ్రిఫిత్స్ అంతకుముందు ఏళ్ల తరబడి పరిశోధించింది కెఫీన్, నిద్రమాత్రల గురించి. 2006లో ఆయన సిలోసిబిన్ పత్రాన్ని ఎవరూ కొట్టిపారేయలేకపోయారంటే ఆ పాత క్రమశిక్షణ చలవేనని నా నమ్మకం. నాడీశాస్త్రవేత్త అలెక్స్ క్వాన్ బృందం 2021లో, ఒక్క మోతాదు సిలోసిబిన్‌తో చిట్టెలుకల మెదడు ముందు భాగంలో నాడీకణాల మీది స్పైన్లు (ఇతర కణాల సందేశాలు అందుకునే చిన్న మొలకలు) సుమారు 10 శాతం పెరిగాయని చూపింది. బతికున్న ఎలుకలో అవే స్పైన్లను రోజుల తరబడి మళ్లీ మళ్లీ చూసే విద్య చేతిలో లేకపోతే ఆ పని జరిగేదే కాదు.

దీనికోసం విమానం ఎక్కే తీరాలనేమీ లేదు. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో విదితా వైద్య ప్రయోగశాల చాలా ఏళ్లుగా, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తోంది. డీఓఐ అనే సైకెడెలిక్ ఎలుకల్లో ఆందోళనను ఎలా తగ్గిస్తుందో మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోని ఒక రకం నాడీకణాల దాకా వెళ్లి చూపిన వారి పత్రం 2024లో వచ్చింది. ఏ ల్యాబుకు రాసినా మీ ఆసక్తి గురించి పేజీలు నింపకండి. వాళ్ల పత్రంలోని ఒక బొమ్మను తీసుకుని, అందులో మీకు అర్థంకానిది ఒక్కటి అడగండి. అలాంటి ఉత్తరాలకు నేను అదే రోజు జవాబిస్తాను.

చేరాక మీకు మొదట అప్పగించే పని బహుశా తల విదిలింపులు లెక్కపెట్టడం. డీఓఐ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో చిట్టెలుక, చెవిలో నీళ్లు పోయిన కుక్కలాగా, తలను అటూ ఇటూ విదిలిస్తుంది. మందు మెదడులో పనిచేస్తోందనడానికి ఎలుకల్లో దీన్నే గుర్తుగా చూస్తాం. రెప్పపాటులో అయిపోతుంది. మామూలు వీడియోలో తప్పిపోతుంది కాబట్టి వేగంగా తీసే కెమెరా కావాలి, లేదా ఎలుకకు చిన్న అయస్కాంతం తగిలించి, చుట్టూ తీగచుట్ట పెట్టి కొలవాలి. ముందే కెటాన్సెరిన్ అనే మందు ఇస్తే విదిలింపులు ఆగిపోతాయి, ఎందుకంటే సైకెడెలిక్‌లు పట్టుకునే 5-హెచ్‌టీ2ఎ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని అది అడ్డుకుంటుంది. 1998లో జ్యూరిక్‌లో ఫ్రాంజ్ ఫొలెన్‌వైడర్ బృందం మనుషుల్లోనూ ఇదే చూసింది: కెటాన్సెరిన్ ముందుగా పడితే సిలోసిబిన్ భ్రమలు కలగలేదు. ఏ ఎలుకకు మందు పడిందో, దేనికి ఉప్పునీరు పడిందో లెక్కపెట్టేవారికి తెలియకూడదు. తెలిస్తే కన్ను కోరుకున్నదే చూస్తుంది. ఇంకొక జాగ్రత్త: శరీరం సెరటోనిన్‌గా మార్చుకునే 5-హెచ్‌టీపీ ఇచ్చినా ఎలుక తల విదిలిస్తుంది, కానీ దాన్ని ఎవరూ సైకెడెలిక్ అనరు. అందుకని నోట్‌బుక్‌లో 'విదిలింపు' అనే రాయండి, 'భ్రమ' అని రాయకండి.

మనుషుల మెదడు స్కాన్ల వైపు వెళ్లేవారికి తలనొప్పి ఇంకా ఎక్కువ. 1997లో ఫొలెన్‌వైడర్ బృందం పెట్ స్కాన్‌లో, సిలోసిబిన్ వల్ల మెదడు ముందు భాగాల్లో గ్లూకోజు వాడకం పెరిగింది. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన రాబిన్ కార్హార్ట్-హారిస్ బృందం ఎఫ్‌ఎమ్ఆర్ఐ స్కాన్ చేస్తే ముందు భాగాలతో సహా కొన్ని కీలక ప్రాంతాల్లో రక్తప్రవాహం తగ్గింది. రెండూ చదవండి, పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి గ్లూకోజును కొలుస్తుంది, ఒకటి రక్తాన్ని. పైగా సెరటోనిన్ మందులు రక్తనాళాల మీద కూడా పనిచేస్తాయి. ఇక మనిషికి తాను ఏది మింగాడో గంటలోపే తెలిసిపోతుంది, ఎవరికి ఏది ఇచ్చామో దాచడం అక్కడికి సరి. 2024లో సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు సిలోసిబిన్‌తో పోలిక కోసం ఉత్త బిళ్లకు బదులు, ఒంటికి తెలిసేలా చురుకు పుట్టించే మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చింది కొంతవరకు ఇందుకే.

కాగితాల సంగతి క్లుప్తంగా: షెడ్యూల్ వన్ మందుకు ఇక్కడ అమెరికాలో ల్యాబుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రయోగ ప్రణాళిక చూపాలి, మందుకు తాళం వేయాలి, వాడినదానికి లెక్క రాయాలి. ఇండియాలో మాదకద్రవ్యాల నియంత్రణకు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. మిల్లీగ్రాము తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవడానికి సిద్ధంగా ఉండండి.

అందుకే ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు అనుమతి వచ్చిందా అని అడగండి. ఇంకా రాలేదంటే, వచ్చేదాకా మీ చేత ఏ పని చేయిస్తారో, ఆ పని మీద మీ పేరుతో పత్రం వస్తుందో లేదో తేల్చుకోండి. 'ముందు చేరండి, తర్వాత చూద్దాం' అంటే వేరే ల్యాబుకు రాసుకోండి.