పెరటి పనుల్లో పిల్లలకు మాటలు నేర్పడం ఎలా?

రెండేళ్ల వయసుకు పిల్లలు సాధారణంగా రెండు మాటలు కలిపి అంటారు. అక్కణ్ణుంచి పెద్ద వాక్యాలకు రావాలంటే ఎవరో ఒకరు పని చేస్తూ వాళ్లతో మాట్లాడుతుండాలి. దానికి పెరడును మించిన చోటు లేదు. పెరడు లేనివాళ్లకు బాల్కనీలో నాలుగు కుండీలైనా చాలు.

1. నిజమైన పని అప్పగించండి. రెండు మూడేళ్లవాళ్లు ఎండుటాకులు ఏరి బుట్టలో వేస్తారు, చెంబుతో కుదుళ్లలో నీళ్లు పోస్తారు. ఐదారేళ్లవాళ్లు కలుపు పీకగలరు. గునపం, కొడవలి పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి. నీళ్లున్న బకెట్ దగ్గర చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకండి.

2. ఏ పనికి ఆ మాటే వాడండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ‘అది తే’ అనకుండా ‘చేట తే’ అనండి. వస్తువుల పేర్లు పిల్లలు ఎలాగూ పట్టేస్తారు, క్రియలే మనం జాగ్రత్తగా అందించాలి. కాయ కోస్తాం, తోటకూర చిగుళ్లు తుంచుతాం, కలుపు పీకుతాం, రాలిన పూలు ఏరుతాం. అన్నిటికీ ‘తియ్యి’ అని సరిపెట్టేస్తే పిల్లలకు అదొక్కటే మిగులుతుంది.

బీరపాదు ఉంటే సాయంత్రం పూట దాని దగ్గరికి తీసుకెళ్లండి, పూలు విచ్చుకునేది అప్పుడే. ఆడపువ్వు కింద వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉండదు. ముట్టుకుని చూడనివ్వండి. పువ్వు, పిందె, కాయ, ముదురు, లేత అన్నీ ఒక్క పాదు దగ్గరే చెప్పొచ్చు.

3. వాళ్ల మాటను పెంచి చెప్పండి. ‘చీమలు వచ్చింది’ అంటే తప్పు పట్టకండి. ‘అవును నాన్నా, చీమలు వచ్చాయి, గింజ మోసుకుపోతున్నాయి’ అనండి.

4. అడిగాక ఆగండి. ‘ఈ మొక్క ఎందుకు వాడిపోయింది?’ అని అడిగి మనసులో ఐదు లెక్కపెట్టండి. జవాబు మీరే అందించేయకండి.

5. వయసును బట్టి పురమాయింపు పొడిగించండి. మూడేళ్లకు ‘నీళ్లు తెచ్చి మల్లె కుదుట్లో పొయ్యి’. ఐదేళ్లకు ‘పోశాక చెంబు తొట్టి పక్కన బోర్లించు’ అని కూడా చేర్చండి.

6. జరిగింది చెప్పించండి. కుండీలో మెంతులు చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. నిన్న ఏముంది, ఇవాళ ఏం వచ్చింది, రేపు ఏమవుతుందో నాయనమ్మకో అమ్మమ్మకో చెప్పమనండి. విదేశాల్లో పెరుగుతున్న పిల్లలైతే వీడియో కాల్లో ఆ కుండీ చూపిస్తూ తెలుగులోనే చెప్పనివ్వండి. అవతల నుంచి అమ్మమ్మ ప్రశ్నలు వేస్తుంటే మీరు మధ్యలో కల్పించుకోకండి.