అలారం రేడియో మొరాయిస్తోందా? కొనే ముందు, పారేసే ముందు చూడాల్సినవి

పాడైందని అటకెక్కించే అలారం రేడియోల్లో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. అవి వేరే దేశపు కరెంటు కోసం, వేరే దేశపు స్టేషన్ల కోసం తయారైనవి. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిస్తారు, లేదా చూడముచ్చటగా ఉందని పాత సామాన్ల కొట్లో కొంటాం. మంచం పక్కన పెట్టాక టైం తప్పుతుంది, స్టేషన్ సరిగా పట్టదు. ఒకే పెట్టెలో గడియారం, రేడియో అని రెండు యంత్రాలున్నాయి. ఇబ్బంది పెడుతున్నది ఏదో ముందు తేల్చుకోండి. కొత్తది కొనేవాళ్లకూ ఇదే దారి, ఎందుకంటే ఏ లోపం ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లు దుకాణంలో సరైన ప్రశ్న అడగగలరు.

గంటకు పది నిమిషాలు వెనకపడుతోంది

అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే సెకనుకు కరెంటు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. పాత క్లాక్ రేడియోల్లోనూ, ప్లగ్గు తీగ నేరుగా లోపలికి వెళ్లే కొన్ని కొత్తవాటిలోనూ గడియారం తనంతట తాను సెకన్లు కొలవదు. గోడలోంచి వచ్చే కరెంటు ఊపులు లెక్కపెడుతుంది. 60 ఊపులు కాగానే సెకను గడిచిందనుకుంటుంది. మన దగ్గర 60 ఊపులు పూర్తవడానికి 1.2 సెకన్లు పడుతుంది. అందుకే గంటకు పది నిమిషాలు, రోజు తిరిగేసరికి నాలుగు గంటలు పోతాయి.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదా అంటారు. అది వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. ఎంత ఖరీదైనది కొన్నా అంతే.

కరెంటు ఊపులతో గడియారం నడిపే పద్ధతి పాతదే, గొప్పదే. 1916లో అమెరికాలో హెన్రీ వారెన్ బోస్టన్ విద్యుత్ కేంద్రంలో ఒక మాస్టర్ గడియారం పెట్టించి, కరెంటు ఊపులు దానితో సరిపోయేలా చూసే ఏర్పాటు చేశాడు. దాంతో ఊళ్లో ప్లగ్గుకు తగిలించిన ప్రతి గడియారమూ సరైన టైం చూపించగలిగింది. ఆ నమ్మకం మీదే దశాబ్దాల పాటు క్లాక్ రేడియోలు తయారయ్యాయి. అయితే ఏ దేశపు గడియారానికి ఆ దేశపు కరెంటే కావాలి.

పరిష్కారం లోపలి యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఎర్ర అంకెలు వెలిగే రకమైతే మీకు అదృష్టం ఉన్నట్టే. వాటిలో చాలావాటి గుండె ఎల్‌ఎం8560 లాంటి ఒక చిప్. దాని కాళ్లలో ఒకటి 50, 60లలో ఏది లెక్కపెట్టాలో చెబుతుంది. వెనకాలో అడుగునో 50/60 అని చిన్న స్విచ్ ఉందేమో ముందు చూడండి. లేకపోతే చిప్ నంబరు చూసి ఆ కాలు కనెక్షన్ మార్చగల మెకానిక్‌కు ఇవ్వండి. పని చిన్నదే. ప్లగ్గు పెట్టి ఉండగా మాత్రం పెట్టె విప్పకండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పూర్తి మెయిన్స్ కరెంటు ఉంటుంది.

అంకెల రేకులు టపటపా తిరిగే పాత రకం వేరు. అందులో చిన్న మోటారు కరెంటు ఊపులతో కలిసి తిరుగుతుంది, పళ్ల చక్రాలు మారిస్తే తప్ప వేగం మారదు. అమెరికా మార్కెట్ రేకుల గడియారాన్ని ఇక్కడ టైం కోసం కొనకండి, అందం కోసమైతే మీ ఇష్టం. జపాన్‌లో తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్ ఉంటుంది కాబట్టి అక్కడి పాత గడియారాల్లో 50/60 మార్చుకునే వీలు ఉన్నవి దొరుకుతాయి. కానీ వాటికి 100 వోల్టులే ఇవ్వాలి. పైగా జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలై 90కో 95కో ఆగిపోతుంది, మన హైదరాబాద్ వివిధ భారతి 102.8 వాటి డయల్ మీదే ఉండదు.

కొట్లో పరీక్ష తేలిక. ప్లగ్గు పెట్టించి, టైం కలిపి, ఫోన్ పక్కన పెట్టుకుని ఆరు నిమిషాలు ఆగండి. గడియారం ఐదే నిమిషాలు నడిస్తే సంగతి తెలిసిపోయినట్టే.

రోజుకు నిమిషం అటూ ఇటూ తేడా

సెట్ మన దేశానిదే, 50 హెర్ట్జ్‌దే, అయినా కొంచెం కొంచెం తప్పుతోందంటే గ్రిడ్ వైపు చూడాలి. మన గ్రిడ్ నియమం ప్రకారం హెర్ట్జ్ 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి. రోజంతా 49.95 దగ్గర ఉంటే ఊపులు లెక్కపెట్టే గడియారం 86 సెకన్లు వెనకపడుతుంది. 1990లలో దక్షిణాది గ్రిడ్ 49 కంటే దిగువకు జారిన సందర్భాలు ఎన్నో. 48.5 దగ్గర ఒక రోజంతా ఉంటే 43 నిమిషాలు పోయినట్టు. ఇది మనకే కాదు. 2018 జనవరి నుంచి మార్చి దాకా సెర్బియా, కొసోవోల మధ్య తగాదాతో యూరప్ గ్రిడ్ కాస్త నెమ్మదిస్తే, ఆ ఖండంలో అనేక దేశాల్లో పొయ్యిల మీద, రేడియోల మీద గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకపడ్డాయి.

దీనికి మరమ్మతు లేదు, వారానికోసారి టైం కలుపుకోవాలి. అది కుదరనివాళ్లు క్వార్ట్జ్ (గోడ కరెంటుతో పని లేకుండా సెకన్లు కొలిచే స్ఫటికం) ఉన్నది కొనాలి. పెట్టె విప్పకుండానే దాన్ని కనిపెట్టొచ్చు. రేడియోకు వచ్చే అడాప్టర్ మీద అవుట్‌పుట్ డీసీ అని ఉంటే, లేదా అది యూఎస్‌బీ తీగతో నడిస్తే, అందులో లెక్కపెట్టడానికి ఊపులే ఉండవు. అంటే గడియారానికి సొంత క్వార్ట్జ్ ఉన్నట్టే. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని కూడా ఉంటే ఆ సెట్ గడియారం హైదరాబాద్‌లో ఎలా నడుస్తుందో డాలస్‌లోనూ అలాగే నడుస్తుంది. కొత్తది కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు అడాప్టర్ చదవండి, తర్వాత రంగు చూడండి.

టైం ముందుకు పరిగెడుతోంది

ఇన్వర్టర్ మీద నడిచినప్పుడే ఇలా అవుతోందా గమనించండి. చవక ఇన్వర్టర్లు సాఫీ అల కాకుండా గతుకుల అల ఇస్తాయి, వాటి హెర్ట్జ్ కూడా కచ్చితంగా 50 ఉండదు. ఆ గతుకుల్ని గడియారం అదనపు ఊపులుగా లెక్కేస్తుంది. ఇన్వర్టర్ లేని లైన్ మీద పెట్టి చూడండి. అదే ప్లగ్ బోర్డు మీద పాత ఫ్యాన్ రెగ్యులేటరో, లైట్ డిమ్మరో ఉన్నా వేరే ప్లగ్గుకు మార్చండి.

మార్చిలో ఒక గంట ముందుకు, నవంబరులో ఒక గంట వెనక్కి

టైం తనంతట తానే కలుపుకునే అమెరికన్ సెట్లలో ఇది వస్తుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. సెట్ ఆ తేదీలను కంఠతా పట్టి ఉంటుంది. డీఎస్‌టీ (ఈ గంట మార్పుకు అక్కడి పొట్టి పేరు) అని రాసి ఉన్న బటన్ వెతికి ఆపేయండి. టైం జోన్ పట్టికలో మన అయిదున్నర గంటల తేడా ఉండదు, కాబట్టి టైం చేత్తోనే పెట్టాలి. "అటామిక్" అని రాసి ఉన్నవి ఇక్కడికి తేనేవద్దు. అవి అమెరికాలో కొలరాడో నుంచో, యూరప్‌లో జర్మనీ, బ్రిటన్‌ల నుంచో వచ్చే టైం సిగ్నల్ పట్టుకుని దిద్దుకునే రకం. ఆ సిగ్నల్ మన పడకగది దాకా రాదు.

కరెంటు పోయి వస్తే 12:00 అని కొట్టుకుంటోంది

బ్యాకప్ సెల్ లేదు, ఉన్నా అయిపోయింది. పాతవాటికి అడుగున 9 వోల్టుల చదరపు సెల్, కొత్తవాటికి రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032. సెల్ మీద నడిచేటప్పుడు చాలా సెట్లలో అంకెలు వెలగవు, కంగారు పడకండి, లోపల లెక్క సాగుతూనే ఉంటుంది. కానీ 9 వోల్టుల రకంలో ఆ లెక్క అంత నికరం కాదు, రెండు మూడు గంటల కోత తర్వాత నిమిషాల తేడా రావచ్చు. పాత సెట్ కొంటుంటే సెల్ అర తెరిచి చూడండి. తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని స్ప్రింగులు తినేసి ఉంటే ధర తగ్గించమని అడగడానికి అది మంచి కారణం.

కొన్ని స్టేషన్లే పడుతున్నాయి

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే లోపం ఇది. హైదరాబాద్‌లో అమెరికా డిజిటల్ ట్యూనింగ్ సెట్ పెడితే 91.1, 93.5, 98.3 శుభ్రంగా వస్తాయి, 101.9 రెయిన్‌బో కూడా వస్తుంది. 102.8 వివిధ భారతి మాత్రం దొరకదు. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ చుక్క తర్వాత బేసి అంకె మీదే ఉంటాయి. అందుకని సెట్ 102.7 నుంచి 102.9కి గెంతుతుంది, మధ్యలోది దానికి తెలియదు. విజయవాడ 102.2కీ అదే గతి.

మీడియం వేవ్‌లోనూ ఇంతే. మన స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ మెట్ల మీద ఉంటాయి, అమెరికావి 10 మెట్ల మీద. హైదరాబాద్ 738 కోసం 740 పెట్టుకోవాలి, విజయవాడ 837కి 840, విశాఖ 927కి 930. మాట అర్థమవుతుంది కానీ అంచులు గరగరలాడతాయి. కడప 900 మాత్రం రెండు లెక్కల్లోనూ పడుతుంది కాబట్టి హాయిగా వస్తుంది.

వెనకాల 9/10 స్విచ్ ఉందేమో చూడండి, లేకుంటే సెట్‌తో వచ్చిన పుస్తకంలో ప్రాంతం మార్చే పద్ధతి ఉందేమో వెతకండి. కొన్ని సెట్లలో అది మారిస్తే ఎఫ్ఎం మెట్టు కూడా మారుతుంది. ఏదీ లేకపోతే 102.9 మీద పెట్టి, అది చీరుకుపోతున్నట్టుంటే వదిలేయడమే. పాత సెట్ల గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. ముల్లు తిప్పే డయల్‌కు మెట్లు లేవు, ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది. రేడియో వినడమే మీకు ముఖ్యమైతే ముల్లు డయల్, ఎర్ర అంకెలు, 50 హెర్ట్జ్ ఉన్న పాత సెట్‌ను నేను ఏ కొత్తదానితోనూ మార్చుకోను.

బ్రిటన్ నుంచి డాబ్ (అక్కడి డిజిటల్ ప్రసారాలు పట్టే) రేడియో తెస్తున్నవాళ్లు ఎఫ్ఎం కూడా ఉందో లేదో చూసి తెండి. డాబ్ ప్రసారాలు మన దగ్గర లేవు.

గరగర, గుయ్‌మనే మోత

రెండింటికీ కారణాలు వేరు. మీడియం వేవ్‌లో మాత్రమే గరగర వస్తుంటే ఫోన్ చార్జర్, ఎల్‌ఈడీ బల్బు ఒక్కొక్కటీ ఆపి చూడండి, దొంగ దొరుకుతాడు. చార్జర్‌ను మంచం అవతలి వైపుకు మార్చండి. మీడియం వేవ్ ఏరియల్ పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి రేడియోను అటూ ఇటూ తిప్పినా తేడా కనిపిస్తుంది. ఎఫ్ఎంకైతే వెనక వేలాడే తీగను చుట్టచుట్టి పెట్టకుండా కిటికీ వైపు చాచండి.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా గుయ్‌మంటుంటే కరెంటును సాపు చేసే కెపాసిటర్ ఎండిపోయింది. అదే విలువ, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజీ ఉన్నది వేయిస్తే పోతుంది. వాల్యూమ్ తిప్పేటప్పుడే చిటపటలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు తిప్పాలి. కుట్టుమిషను నూనె వేయకండి, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది.

అలారం మోగలేదు

అలారం టైంలో పీఎం చుక్క వెలుగుతోందేమో ముందు చూడండి. ఉదయం అయిదు అనుకుని సాయంత్రం అయిదుకు పెట్టి ఉంటాం. రెండోది వాల్యూమ్. పాత సెట్లలో రేడియో అలారానికి వేరే వాల్యూమ్ ఉండదు, రాత్రి తగ్గించి పడుకుంటే పొద్దున అంతే మెల్లగా పాడుతుంది. మూడోది ఎవరూ అనుమానించనిది: ఆ వేళకు స్టేషనే మొదలుకాలేదు. ఆకాశవాణి కేంద్రాలు అన్నీ రాత్రంతా ప్రసారం చేయవు. మూడున్నరకు లేచి రైలు అందుకోవాల్సిన రోజు రేడియోను నమ్ముకోకండి, బజర్‌కు మార్చండి.

వెలుతురుకు నిద్ర పట్టడం లేదు

నీలం, తెలుపు అంకెలు ఉన్నది కొనకండి. నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను నీలి వెలుగు అణచినంతగా ఎర్ర వెలుగు అణచదు. ఇప్పటికే కొనేసి ఉంటే డిమ్మర్ చివరి మెట్టులో పెట్టి, అంకెల మీద నల్ల సన్‌ఫిల్మ్ ముక్క అంటించండి.

పెట్టగానే పొగ వచ్చి ఆగిపోయింది

120 వోల్టుల సెట్‌ను నేరుగా 230లో పెట్టారు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గానీ, దానిలోని ఫ్యూజ్ గానీ పోయి ఉంటుంది. మిగతా భాగాలు బతికే ఉండే అవకాశం బాగానే ఉంది. ఫ్యూజ్ తీసేసి తీగ కలిపే మెకానిక్‌కు మాత్రం ఇవ్వకండి, మంచం పక్కన రాత్రంతా వెలిగే వస్తువు ఇది. పాతదాని అవుట్‌పుట్ వోల్టేజీలు చూసి, అవే ఇచ్చే 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేయించండి. ఆ తర్వాత స్టెప్‌డౌన్ కూడా అక్కర్లేదు, హెర్ట్జ్ కాలు కూడా అదే చేత్తో మార్పించేయొచ్చు. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్‌ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్‌తో రేడియో నడపకండి. దాని బరువే గుర్తు: అసలైన స్టెప్‌డౌన్‌లో ఇనుము, రాగి ఉంటాయి కాబట్టి చేతికి బరువుగా తగులుతుంది.