ఉబుంటులో ఫిష్ షెల్ పెట్టుకోండి, కానీ బాష్‌ని అప్పుడే వదిలేయకండి

ఉబుంటు లైనక్స్‌లో టెర్మినల్ తెరిస్తే వచ్చేది బాష్, అంటే మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే షెల్. దానితో పని జరుగుతుంది, కాదనను. కానీ రోజంతా కమాండ్లు కొట్టేవాళ్లు ఫిష్ అనే మరో షెల్‌ని ఒకసారి వాడి చూడాలి. రెండు అక్షరాలు కొట్టేలోపే, ఇంతకుముందు మీరు వాడిన కమాండ్ లేత బూడిద రంగులో కనిపిస్తుంది, కుడి బాణం నొక్కితే మొత్తం వచ్చేస్తుంది. కమాండ్ పేరు తప్పు కొడితే ఎంటర్ నొక్కకముందే ఎర్రగా కనిపిస్తుంది. ఇదంతా సెట్టింగులేమీ ముట్టుకోకుండానే!

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క లైను పని: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫిష్. ఫెడోరా అనే మరో లైనక్స్‌లో అయితే ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి.

అయ్యాక ఫిష్ అని కొట్టండి, అందులోకి వెళ్తారు. ఎగ్జిట్ అంటే మళ్లీ బాష్‌లోకి వచ్చేస్తారు. కనీసం ఒక వారం ఇలాగే వాడండి. ఎందుకంటే ఫిష్ భాష బాష్ భాష ఒకటి కాదు. వేరియబుల్ పేరు రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, విలువ ఇస్తే బాష్ ఒప్పుకుంటుంది, ఫిష్ ఒప్పుకోదు, సెట్ అనే కమాండ్ వాడాలి. బాష్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైల్లో మీరు రాసుకున్న ఏలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకున్న పొట్టి పేర్లు), పాత్‌లు (ప్రోగ్రాములు ఉండే చోట్లు) కూడా ఫిష్ చదవదు, వాటిని హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్లో, ఫిష్ ఫోల్డర్ కింద, కాన్ఫిగ్ డాట్ ఫిష్ అనే ఫైల్లో రాసుకోవాలి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడేవాళ్లు యాక్టివేట్ బదులు యాక్టివేట్ డాట్ ఫిష్‌ని సోర్స్ చేయాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదటి లైన్లో బాష్ పేరున్న స్క్రిప్టుల గురించి మాత్రం టెన్షన్ వద్దు, నేరుగా నడిపితే అవి బాష్‌తోనే నడుస్తాయి.

ఇవన్నీ అలవాటయ్యాకే డిఫాల్ట్ షెల్ మార్చండి. విచ్ ఫిష్ అని కొడితే అది ఎక్కడుందో చూపిస్తుంది. సీహెచ్ఎస్‌హెచ్ తర్వాత హైఫన్ ఎస్, ఆ తర్వాత ఆ పాత్ ఇచ్చి పాస్‌వర్డ్ కొట్టండి. ముందు సుడో పెట్టొద్దు, పెడితే మీది కాకుండా రూట్, అంటే అడ్మిన్ ఖాతా షెల్ మారిపోతుంది. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

ఎప్పుడైనా ఫిష్‌ని తీసేయాలనిపిస్తే, ముందు అదే కమాండ్‌తో షెల్‌ని బాష్‌కి మార్చి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఈ వరస తప్పితే లేని షెల్ కోసం వెతుకుతూ సిస్టమ్ మిమ్మల్ని లాగిన్ దగ్గరే ఆపేయవచ్చు.