కిటికీ మూల తెల్లటి గూడు కనిపిస్తే

కిటికీ చట్రం మూలలోనో, మీటరు పెట్టె వెనకో, ఫొటో ఫ్రేము కిందో బొటనవేలి గోరంత తెల్లటి మందపాటి సంచి గోడకు అంటుకుని ఉంటే, అది గెంతే సాలీడు గూడు కావచ్చు. దుమ్ము పట్టి వేలాడే బూజు వేరే సాలీళ్లది, దాన్ని దులిపేయొచ్చు. గెంతే సాలీడు వేటకు వల అల్లదు, ఈగ మీదకి దూకి పడుతుంది. మన గోడల మీద తిరిగేవాటిలో ప్లెక్సిపస్, మెనెమెరస్ జాతులు ఎక్కువ. సెంటీమీటరు పొడవు, ముందు రెండు పెద్ద కళ్లు. మనం కదిలితే మనవైపే తిరుగుతాయి.

గూటిలో తల్లి కాపలా ఉంటుంది. గుడ్లు పిల్లలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆపైన పిల్లలు కుబుసం విడిచి, కాస్త గట్టిపడ్డాకే బయటికొస్తాయి. అందుకని నెల పైచిలుకు ముట్టుకోకండి. లోపలేముందోనని చీల్చి చూశారా, గుడ్లు ఎండిపోతాయి.

రంగులు వేయిస్తుంటే మార్చక తప్పదు. ముందు తల్లి మీద గాజు గ్లాసు బోర్లించి, కింద నుంచి పోస్టుకార్డు దూర్చండి. తర్వాత గూడు అంచు కింద మరో కార్డు మెల్లగా జరుపుతూ, నొక్కకుండా ఊడదీయండి. రెండింటినీ చిల్లులున్న అట్టపెట్టెలో ఒక రాత్రి ఉంచితే చాలాసార్లు తల్లి కొత్త దారాలతో గూటిని మళ్లీ అతికించుకుంటుంది. మర్నాడు మూత తీసి, వాన తగలని నీడలో తాడుతో వేలాడదీయండి. తాడుకు వాజెలిన్ పూయడం మరిచిపోతే చీమలు గుడ్లను మిగల్చవు.

బయటికొచ్చిన పిల్లల్ని ఒకే సీసాలో పెట్టకండి, ఒకదాన్నొకటి తింటాయి. చూడాలని సరదాగా ఉంటే ఒక్కదాన్నే, గుడ్డ కట్టిన సీసాలో. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే దాని తిండి. ఒంటికన్నా పెద్ద దోమను వదిలితే బెదిరి పారిపోతుంది. రెండ్రోజులకోసారి సీసా గోడకు తుంపరలా నీళ్లు చల్లండి. పెద్ద బొట్టయితే అందులోనే చిక్కుకుంటుంది. కాళ్లు ముడుచుకుపోతుంటే అది దాహం కావచ్చు: సాలీడు కాళ్లు చాపేది ఒంట్లోని ద్రవం ఒత్తిడితో. తిండి మాని దారాల్లో ముసుగేసుకుంటే మాత్రం కుబుసం విడుస్తోందన్నమాట, కదపకండి.

సాలీడు పాకితే పొక్కులొస్తాయన్న భయం చాలా ఇళ్లలో ఉంది. అలాంటి పొక్కులకు తరచూ కారణం హెర్పిస్ అనే వైరస్ జబ్బు, లేదా దీపాల దగ్గర చేరే పెడెరస్ పురుగు. గెంతే సాలీడు చేత్తో నొక్కితే తప్ప సాధారణంగా కరవదు. ఇక దోమల స్ప్రే: అది గూటికి తగిలితే తల్లీ పిల్లలూ పోతాయి. ఆ నెల గూడున్న గదిలో దోమతెర కట్టుకోండి.